పొత్తిళ్ళ దూరం

స్మారకోపన్యాసానికి వైద్యవిషయం ఎంచుకున్నప్పుడు ఏదో ఒక ఆవిష్కరణ కథనూ, దాని వెనుక ఉన్న మహనీయుల కృషినీ వివరించడం ఆనవాయితీ. ఈ ఉపన్యాసానికి ఎంచుకున్నది మాత్రం ఒక అలవాటు చరిత్ర. అప్పుడే పుట్టిన బిడ్డను తల్లి దగ్గర నుంచి తీసి వేరే గదిలో ఉంచే అలవాటు ఆసుపత్రికి ఎలా అబ్బింది, దానికి ఏయే కాలాల్లో ఏయే కారణాలు చెప్పారు, ఆ కారణాలు ఒక్కొక్కటే వీగిపోయిన తరువాత కూడా అది ఎందుకు నిలిచింది అన్నవి ఇక్కడి ప్రశ్నలు. దాదులకు బిడ్డలను అప్పగించిన రాచకుటుంబాలనూ, పల్లెల్లోని పాలదాదుల దగ్గరికి పసికందులను పంపించిన ఐరోపా నగరవాసులనూ మినహాయిస్తే, మనుషుల చరిత్రలో అత్యధిక కాలం బిడ్డ బాలింత పక్కలోనే పడుకుంది. ఎడబాటును ఒక పద్ధతిగా నెలకొల్పినది గడిచిన నూట యాభై ఏళ్ళ ఆసుపత్రి. అయినా తల్లి పక్కన బిడ్డను ఉంచమన్న వారినే ప్రతి కాలంలోనూ రుజువు అడిగారు తప్ప, వేరు చేసినవారిని రుజువు చూపమన్నవారు దాదాపు లేరు. ఈ ఉపన్యాసంలోని వాదమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ముందుగా పదాల సంగతి. తల్లీబిడ్డల సామీప్యం అన్నప్పుడు వైద్యులు మూడు వేర్వేరు పద్ధతులను ఉద్దేశిస్తారు. వాటిని కలగలిపి మాట్లాడడం వల్ల చాలా గందరగోళం పుట్టింది. మొదటిది చర్మస్పర్శ, అంటే పుట్టిన బిడ్డను పొడిగా తుడిచి, బట్ట చుట్టకుండానే తల్లి రొమ్ముల మధ్య బోర్లా పడుకోబెట్టి, ఇద్దరి మీదా కలిపి దుప్పటి కప్పి, కనీసం మొదటి గంటసేపు కదపకుండా ఉంచడం. రెండోది ఇంగ్లీషులో రూమింగ్-ఇన్ అని పేరుపడిన సహవాసం, అంటే ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ, రాత్రింబవళ్ళూ, తల్లి మంచం పక్కనే బిడ్డ ఉండడం. మూడోది కంగారూ మదర్ కేర్; నెలలు నిండకుండానో, రెండున్నర కిలోలకంటే తక్కువ బరువుతోనో పుట్టిన బిడ్డను రోజులో ఎక్కువ గంటలు తల్లి ఛాతీకి నిలువుగా కట్టి ఉంచి, చనుబాలతోనే పెంచి, తొందరగా ఇంటికి పంపించి, పంపిన తరువాత కూడా కనిపెట్టి ఉండే చికిత్సాక్రమం అది. మొదటి రెండూ ఆరోగ్యవంతులైన బిడ్డలందరికీ వర్తించేవి కాగా, మూడోది బలహీనంగా పుట్టిన బిడ్డకు మందులాంటిది.

తెలుగు ఇళ్ళల్లో కాన్పు వార్త ‘తల్లీబిడ్డా క్షేమం’ అని ఒకే ముక్కగా వినిపిస్తుంది. పాత ఇళ్ళల్లోని పురిటి గది ఏర్పాటును కాస్త నిదానంగా చూస్తే, అందులో ఎడం పాటించడం లేకపోలేదు; పురిటి మైల పేరుతో పది రోజులపాటు ఇంటిల్లిపాదీ ఆ గడపకు దూరంగా మసలేవారు, మంత్రసాని, పెద్ద ముత్తైదువ తప్ప మరొకరు లోపలికి పోయేవారు కారు, పదకొండో రోజు పురిటి స్నానంతో ఆ కట్టుబాటు సడలేది. కాని గీత తల్లికీ బిడ్డకూ మధ్య గీసినది కాదు; ఆ ఇద్దరినీ ఒకవైపు ఉంచి, మిగిలిన లోకాన్ని ఇంకోవైపు ఉంచిన గీత అది. అంటువ్యాధుల శాస్త్రం ఎరుగని కాలంలో మైల అన్న భావనతో గీసినదైనా, గీత పడిన చోటు మాత్రం సరైనదే. ఇంతమాత్రం చేత పురిటి గదిని వెనకేసుకురావడానికి వీల్లేదు. గాలీ వెలుతురూ చొరని ఆ గదిలో కుంపటి పొగ కమ్మేది. పసుపు కలిసిన తేనెలాంటి వన్నెతో మొదటి రోజుల్లో ఊరే ముర్రుపాలను చెడ్డపాలని పిండి పారబోసి, బిడ్డ నాలుక మీద పంచదార నీళ్ళో, తేనెచుక్కో, ఆముదమో వేసే ఇళ్ళు ఎన్నో ఉండేవి. అంటే సంప్రదాయం తల్లీబిడ్డలను ఒకే పక్కలో ఉంచింది గాని, ఆ పక్క ఇవ్వగలిగిన అన్నిటికంటే విలువైన దాన్ని నేలపాలు చేసింది.

ఆ పక్క ఇచ్చేదేమిటో శరీరశాస్త్రం తేటగానే చెబుతుంది. గర్భంలో 37 డిగ్రీల ఉమ్మనీటిలో ఉన్న బిడ్డ, తడి ఒంటితో, అంతకంటే పది పన్నెండు డిగ్రీలు చల్లగా ఉన్న గదిలోకి వస్తుంది. ఒంటి బరువుతో పోలిస్తే చర్మవైశాల్యం ఎక్కువ కావడం వల్ల వేడి త్వరగా పోతుంది, వణికి వేడి పుట్టించుకునే శక్తి ఇంకా రాలేదు, మెడ వెనుక, భుజాల మధ్య దాచుకున్న గోధుమరంగు కొవ్వును కరిగించుకోవడమే దిక్కు. నెలలు నిండని బిడ్డకు ఆ నిల్వ కూడా ఉండదు. ఈ స్థితిలో తల్లి ఛాతీ వేడిని ఇవ్వడమే కాక, బిడ్డ చల్లబడితే మరికాస్త వెచ్చబడుతుంది. బిడ్డ రొమ్మును వెతుక్కుంటూ తడుముతుంటే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే స్రావం విడుదలవుతుంది. పాలను చన్నులోకి దింపేదీ, గర్భసంచిని ముడుచుకునేలా చేసి మాయ పడిన తరువాతి రక్తస్రావాన్ని తగ్గించేదీ ఈ ఒక్క స్రావమే. తల్లి చర్మం మీది సూక్ష్మజీవులే బిడ్డ ఒంటి మీద ముందుగా స్థిరపడితే, ఆ సూక్ష్మజీవులను ఎదుర్కొనే రక్షక పదార్థాలు ఆ తల్లి పాలలోనే సిద్ధంగా ఉంటాయి; వార్డు గోడల మీది సూక్ష్మజీవులు ముందుగా చేరితే ఆ పొంతన కుదరదు. తల్లి పొట్ట మీద వదిలిన బిడ్డ కాసేపు నిశ్చలంగా ఉండి, తరువాత చేతిని నోట్లోకి తెచ్చుకుని, కాళ్ళతో తన్నుకుంటూ, ఇంచుమించు గంటలోపు తనంతట తానే చన్నును చేరుకోవడాన్ని స్వీడన్ పరిశోధకులు 1980 దశకంలో వరుసక్రమంలో నమోదు చేశారు. ఈ క్రమానికి అడ్డుపడడానికి పెద్ద ప్రమాదమేమీ అక్కర్లేదు. 1990లో లాన్సెట్ పత్రికలో లెన్నార్ట్ రిఘార్డ్, మార్గరెట్ అలేడ్ ప్రచురించిన పరిశీలనలో బిడ్డలను రెండు వర్గాలు చేశారు: ఒక వర్గాన్ని గంటకు పైగా తల్లి మీదనే ఉంచారు, రెండో వర్గాన్ని ఇరవై నిమిషాల తరువాత తూకం వేయడానికీ, బట్టలు తొడగడానికీ కాసేపు తీసుకువెళ్ళి మళ్ళీ తెచ్చి ఇచ్చారు. మొదటి వర్గంలో 38 మందికి 24 మంది సరైన తీరులో చన్ను పట్టుకోగా, రెండో వర్గంలో 34 మందికి ఏడుగురే పట్టుకోగలిగారు. తూనికయంత్రం దాకా వెళ్ళి వచ్చిన ప్రయాణం అంత ఖరీదైనది.

ఇటువంటి బిడ్డను వేరే గదికి తరలించడానికి ఆసుపత్రి చెప్పిన మొదటి కారణం జ్వరం. పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా ప్రసూతి వైద్యశాలల్లో బాలింత జ్వరం వార్డులకు వార్డులనే తుడిచిపెట్టేది. దానిని మోసుకుపోతున్నది వైద్యుల చేతులేనని 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గ్రహించి, క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడిగించి మరణాలు తగ్గించినా, ఆ మాట తలకెక్కడానికి వైద్యలోకానికి దశాబ్దాలు పట్టింది. జ్వరపీడితురాలైన తల్లి నుంచి బిడ్డను కాపాడాలన్న తపన ఆ కాలానికి సహజమే. చిక్కల్లా ఆ తరువాత వచ్చింది: జ్వరం ఉన్న తల్లి కోసం చేసిన ఏర్పాటు జ్వరం లేని తల్లులందరికీ నియమమైపోయింది. చేతులు కడుక్కోవలసిన వాళ్ళు వైద్యులైతే, దూరంగా ఉండవలసి వచ్చినది తల్లులు.

రెండో కారణం యంత్రం. పారిస్‌లోని మాతెర్నితే ఆసుపత్రి వైద్యుడు స్తెఫాన్ తార్నియే, జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగించే వెచ్చని పెట్టెలను చూసి, అక్కడి పనివాడి చేతనే బిడ్డలకు సరిపడే పెట్టెను చేయించి, 1880 దశకం మొదట్లో వాడుకలోకి తెచ్చారు. రెండు కిలోలకు లోపు బరువున్న బిడ్డల మరణాలు ఆ ఆసుపత్రిలో 66 శాతం నుంచి 38 శాతానికి దిగినట్టు 1883లో వెలువడిన నివేదిక చెప్పింది. ఇంక్యుబేటరు గొప్పతనాన్ని తక్కువ చేసి మాట్లాడడానికి ఎవరికీ అధికారం లేదు. తార్నియే శిష్యుడు పియేర్ బుదాన్ ఇంకో సంగతి కూడా గమనించారు: బిడ్డ బతుకుతోంది గాని, వారాల తరబడి దూరమైన తల్లికి ఆ బిడ్డ మీద ధ్యాస సన్నగిల్లుతోంది, పాలు ఎండిపోతున్నాయి. అందుకని ఆయన పెట్టెకు గాజుపలకలు పెట్టించి, తల్లులను వచ్చి చూడనిచ్చి, చనుబాలే పట్టించాలని పట్టుపట్టారు. పెట్టె దేశదేశాలకూ వెళ్ళింది. పెట్టెతోపాటు తల్లి వెళ్ళాలన్న బుదాన్ సలహా మాత్రం పారిస్ దాటలేదు. 1896లో బెర్లిన్ ప్రదర్శనలో బిడ్డలు ఉన్న ఇంక్యుబేటర్లను టిక్కెట్టు పెట్టి చూపించారు. ఆ వ్యవహారంతో సంబంధమున్న మార్టిన్ కూనీ తరువాత అమెరికా చేరి, న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలాండ్ వినోదస్థలంలో 1903 నుంచి 1943 దాకా అదే ప్రదర్శన నడిపారు. ఆయన తల్లిదండ్రుల దగ్గర ఒక్క కాసు తీసుకోలేదు, ఆసుపత్రులు చేతులెత్తేసిన వేలాది బిడ్డలను బతికించారు. ఖర్చంతా చూడవచ్చినవారి టిక్కెట్ల నుంచే వచ్చింది. కన్నతల్లి అవసరం లేకుండా బిడ్డ బతుకుతుందన్న భావనను అద్దాల పెట్టెలో పెట్టి నాలుగు దశాబ్దాలు జనానికి చూపించడం కూడా ఆ ప్రదర్శనలో భాగమే.

మూడో కారణం గడియారం. అమెరికాలో 1900 నాటికి నూటికి ఐదు కాన్పులైనా ఆసుపత్రుల్లో జరిగేవి కావు. 1940 నాటికి సగం దాటాయి. అంతమంది బాలింతలూ బిడ్డలూ ఒక్కసారిగా వచ్చిపడితే, తల్లులను ఒక వార్డులో, బిడ్డలను అద్దాల గదిలో వరుస ఉయ్యాలల్లో పెట్టి, నాలుగు గంటలకొకసారి పాలకు తెచ్చి ఇచ్చి, గంటలోపు వెనక్కి తీసుకుపోవడం నిర్వాహకులకు సులువైన పద్ధతి. ప్రసవవేదన తెలియకుండా మత్తుమందులిచ్చే ఆచారం కూడా దీనికి తోడయింది. మత్తులో ఉన్న తల్లి బిడ్డను పట్టుకోలేదు గనుక నర్సరీ అవసరమైంది, నర్సరీ ఉంది గనుక మత్తు ఇవ్వడానికి అడ్డు లేకపోయింది. ఇంత చేసీ నర్సరీ తన మొదటి మాటను నిలబెట్టుకోలేదు. అంటును దూరం పెట్టడానికి పుట్టిన ఆ గదిలోనే, 1950 దశకంలో ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా ఆసుపత్రుల్లో, పెన్సిలిన్‌కు లొంగని స్టెఫిలోకోకస్ అనే సూక్ష్మజీవి ఒక ఉయ్యాల నుంచి మరో ఉయ్యాలకు, ఆయాల, నర్సుల చేతుల మీదుగా పాకి చీముగడ్డలూ, న్యుమోనియా తెచ్చింది. ఇరవై మంది బిడ్డలను ఒకే చేతులు ముట్టుకునే గదికంటే, ఒక బిడ్డను ఒక తల్లి ముట్టుకునే మంచం శుభ్రమైనదన్న ఇంగితం అప్పటికి గాని బలం పుంజుకోలేదు.

తిరుగుదారి పట్టిన తొలివారిలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన శిశువైద్యురాలు ఈడిత్ జాక్సన్ ఒకరు. 1946లో న్యూహేవెన్ ఆసుపత్రిలో తల్లీబిడ్డలు కలిసి ఉండే చిన్న విభాగాన్ని ఆమె తెరిపించారు. క్లీవ్‌లాండ్‌లో మార్షల్ క్లాస్, జాన్ కెన్నెల్ బృందం 1972లో ప్రచురించిన అధ్యయనం ఈ మార్పును ఉద్యమంగా మార్చింది. మొదటి మూడు రోజుల్లో మామూలుకంటే 16 గంటలు అదనంగా బిడ్డతో గడిపిన తల్లులు నెల తరువాత బిడ్డను ఎక్కువగా చేరదీసుకుంటున్నారని వారు చెప్పారు. అయితే ఆ అధ్యయనంలో ఉన్నది మొత్తం 28 మంది తల్లులు, వర్గానికి పద్నాలుగురు. అంత చిన్న పునాది మీద ‘బంధం పడవలసిన గడియ’ అనే పెద్ద మేడ కట్టారు. ఆ గడియ దాటితే ప్రేమ కుదరదన్న భయం పుట్టి, సిజేరియన్ అయిన తల్లులూ, బిడ్డను దత్తత తీసుకున్న తల్లులూ తమలో ఏదో లోపం ఉందని కుమిలిపోయారు. తదుపరి పరిశోధన ఆ పట్టింపును సమర్థించలేదు, క్లాస్, కెన్నెల్ కూడా తరువాత తమ మాటను సడలించుకున్నారు. సామీప్యం పక్షాన నిలిచినవారు కూడా రుజువును మించి మాట్లాడితే ఎవరికి చేటు జరుగుతుందో ఈ ఉదంతం చూపిస్తుంది. తల్లి ప్రేమ గంటల లెక్కతో తెగేది కాదు. బిడ్డ ఒంటి వేడి, పాలు, అంటు, ప్రాణం మాత్రం గంటల లెక్కతో ముడిపడినవి. ఈ ఉపన్యాసం రెండో కోవకు చెందిన రుజువునే ఆశ్రయిస్తుంది.

ఆ రుజువుకు దారితీసిన ఆలోచన సంపన్న దేశాల నుంచి రాలేదు. కొలంబియా రాజధాని బొగోతాలోని మాతాశిశు సంస్థలో 1978 నాటికి ఒక్కొక్క ఇంక్యుబేటరులో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పెట్టవలసి వచ్చేది, అంటు ఒకరి నుంచి ఒకరికి సోకేది, దూరమైన బిడ్డను కొందరు తల్లులు ఆసుపత్రిలోనే వదిలి వెళ్ళిపోయేవారు. అక్కడి శిశువైద్యుడు ఎద్గార్ రే సనాబ్రియా, మరుసటి సంవత్సరం నుంచి ఆయనతో కలిసిన ఎక్తోర్ మార్తినెస్, పెట్టెలు లేకపోతే తల్లులనే పెట్టెలు చేద్దామన్న నిర్ణయానికి వచ్చి, గండం గడిచిన చిన్న బిడ్డలను తల్లి ఛాతీకి కట్టి, చనుబాలు పట్టిస్తూ ఇంటికి పంపడం మొదలుపెట్టారు. అదే కాలంలో, వీరి ఊసే తెలియకుండా, ఎస్టోనియాలోని టాలిన్‌లో ఆదిక్ లెవిన్ అనే వైద్యుడు నర్సులు దొరకక, జబ్బుపడిన బిడ్డల సంరక్షణను రాత్రింబవళ్ళు తల్లులకే అప్పగించారు. అంటురోగాలు తగ్గాయి, బిడ్డల బరువు పెరిగింది. ఒకచోట పెట్టెల కొరత, ఇంకోచోట నర్సుల కొరత. కొరత వల్ల పుట్టిన పద్ధతి కావడమే తరువాత దానికి శాపమైంది. ఇది పేదదేశాలకు సరిపెట్టే నాసిరకం సర్దుబాటని సంపన్న దేశాల వైద్యులూ అనుకున్నారు, తమ ఆసుపత్రిలోనూ యంత్రాలు ఉన్నాయని చూపించుకోవాలనుకున్న పేదదేశాల వైద్యులూ అనుకున్నారు.

ఆక్షేపణల్లో బలమైనది మాత్రం ఒకటి ఉంది. బొగోతాలో మరణాలు ఆశ్చర్యకరంగా తగ్గాయన్న కబురు ప్రపంచమంతా పాకినప్పుడు, ఆండ్రూ వైట్‌లా, కాథరీన్ స్లీత్ అక్కడికి వెళ్ళి చూసి, 1985లో లాన్సెట్‌లో రాసిన వ్యాసంలో లెక్కలోని లొసుగును చూపించారు: గండం గడిచి ఛాతీ మీదకు చేరిన బిడ్డలనే లెక్కించారు, అంతకు ముందే మొదటి రోజుల్లో పోయిన బిడ్డలు ఆ లెక్కలో లేరు. ఈ అభ్యంతరం న్యాయమైనది, దానికి జవాబు చెప్పడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది. నతాలీ షార్పాక్ బృందం బొగోతాలోనే 746 మంది బిడ్డలతో చేసిన తులనాత్మక పరీక్ష, ఈ పద్ధతి ఇంక్యుబేటరుకు తీసిపోదని, చనుబాల విషయంలో మెరుగని చూపింది గాని, అందులో కూడా స్థిమితపడిన బిడ్డలే ఉన్నారు. అసలు చావులు జరిగేది ఆ స్థిమితం కుదరక ముందు. బిడ్డ స్థిమితపడిన తరువాత తల్లికి ఇవ్వాలా, స్థిమితపడడానికే తల్లికి ఇవ్వాలా అన్న ప్రశ్నను నేరుగా పరీక్షించిన అధ్యయనం ప్రపంచ ఆరోగ్య సంస్థ సమన్వయంతో ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా, భారతదేశాల్లోని ఐదు ఆసుపత్రుల్లో జరిగింది. భారతదేశం నుంచి పాల్గొన్నది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి.

కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువున్న 3,211 మంది బిడ్డలను చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గాన్ని ఎప్పటిలాగే ప్రత్యేక విభాగంలో, తల్లికి దూరంగా, స్థిమితపడేదాకా ఉంచారు. రెండో వర్గాన్ని పుట్టిన కాసేపటికే తల్లి ఛాతీ మీదకో, తల్లి లేవలేని స్థితిలో ఉంటే దగ్గరి బంధువు ఛాతీ మీదకో చేర్చి, ఆక్సిజన్, సెలైన్ వంటి చికిత్సలన్నీ అక్కడే అందించారు. ప్రత్యేక విభాగంలో ఉన్న కాలంలో మొదటి వర్గం బిడ్డలు సగటున రోజుకు గంటన్నర తల్లి ఛాతీ మీద ఉండగా, రెండో వర్గం బిడ్డలు ఇంచుమించు పదిహేడు గంటలు ఉన్నారు. ఇరవై ఎనిమిది రోజుల లోపు మరణాలు మొదటి వర్గంలో 15.7 శాతం, రెండో వర్గంలో 12 శాతం. అంటే నలుగురు చనిపోయే చోట ముగ్గురు. ఒళ్ళు చల్లబడిపోవడమూ, రక్తంలో అంటు చేరినట్టు అనుమానం కలగడమూ రెండో వర్గంలో తక్కువ. తేడా ఇంత స్పష్టంగా కనబడిన తరువాత కొంతమంది బిడ్డలను ఇంకా దూరంగా ఉంచడం ధర్మం కాదని భావించి, పర్యవేక్షక సంఘం సిఫారసు మీద పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాలను మార్చి, నెలలు నిండని, తక్కువ బరువున్న బిడ్డలకు కంగారూ సంరక్షణను పుట్టిన వెంటనే మొదలుపెట్టాలని చెప్పింది. ఊపిరి తానుగా తీసుకోలేని బిడ్డలకూ, షాక్‌లో ఉన్న బిడ్డలకూ, కృత్రిమ శ్వాస మీద ఉన్న బిడ్డలకూ మినహాయింపు ఉంది, ఉండాలి. ఇదే పద్ధతిని ఆసుపత్రి గోడల బయట హర్యానాలో, ఇళ్ళ దగ్గర, 8,402 మంది తక్కువ బరువు బిడ్డలతో పరీక్షించినప్పుడు నవజాత మరణాలు ఇంచుమించు 30 శాతం తగ్గినట్టు 2019లో తేలింది. అక్కడ బిడ్డను ఛాతీకి కట్టుకోవడం నేర్పినవారు ఇంటింటికీ వెళ్ళిన ఆరోగ్య కార్యకర్తలు.

రుజువు ఇంత బలపడిన దేశంలో ఆచరణ ఎలా ఉందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 2015-16 నాటి నాలుగో సర్వేకూ, 2019-21 నాటి ఐదో సర్వేకూ మధ్య ఆసుపత్రి కాన్పులు 78.9 శాతం నుంచి 88.6 శాతానికి పెరిగాయి. పుట్టిన గంటలోపు చనుబాలు అందిన బిడ్డలు మాత్రం 41.6 శాతం నుంచి 41.8 శాతం దగ్గరే ఆగిపోయారు. ఇంటి పురిటిలో ముర్రుపాలు పారబోసిన పెద్దమ్మ మీద నింద వేసినంత సులువుగా ఈ అంకె మీద నింద వేయడానికి వీల్లేదు, ఎందుకంటే ఇప్పుడు ఆ మొదటి గంట గడిచేది ఆసుపత్రిలోనే. తెలుగు రాష్ట్రాల్లో దీనికి మరో కోణం ఉంది. ఐదో సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. కోత కాన్పు అయిన తల్లిని థియేటరు నుంచి పరిశీలన గదికి, అక్కడి నుంచి వార్డుకు మార్చేసరికి గంటలు గడుస్తాయి. బిడ్డను ఒకసారి ముఖం చూపించి, పొత్తిళ్ళలో చుట్టి, బయట కాచుకున్న అమ్మమ్మ చేతిలో పెడతారు. ఎడబాటుకు నాలుగో కారణం ఈ కత్తిగాటు. నిజానికి వెన్నుకు మత్తు ఇచ్చి చేసే సిజేరియన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. మత్తు వైద్యుడూ నర్సూ సహకరిస్తే బల్ల మీదనే బిడ్డను ఆమె ఛాతీకి చేర్చవచ్చు. అంతటి శస్త్రచికిత్స ఆరోగ్యవంతులైన ఇందరు తల్లులకు అవసరమా అన్నది వేరే ఉపన్యాసానికి తగిన విషయం. తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన వృత్తి మంత్రసానుల శిక్షణకు మూలం ఆ ప్రశ్నలోనే ఉంది.

బలహీనంగా పుట్టిన బిడ్డ విషయంలో అడ్డంకి ఇంకా లోతైనది. ఆసుపత్రిలో తల్లి ప్రసూతి విభాగానికి చెందిన రోగి, బిడ్డ శిశువిభాగానికి చెందిన రోగి; ఇద్దరికీ వేర్వేరు వైద్యులు, వేర్వేరు నర్సులు, వేర్వేరు కేసుషీట్లు, తరచుగా వేర్వేరు అంతస్తులు. జిల్లా ఆసుపత్రుల్లో జబ్బుపడిన నవజాత శిశువుల కోసం ఏర్పాటైన ఎస్‌ఎన్‌సీయూ అనే ప్రత్యేక విభాగం వేలాది ప్రాణాలు కాపాడింది, కాని దాని నమూనా గీసినప్పుడు అందులో తల్లికి కుర్చీ వేశారేమో గాని మంచం వేయలేదు. కుట్లు పచ్చిగా ఉన్న బాలింత గోడ పట్టుకుని నడిచి వచ్చి, పిండిన పాలను నర్సుకు అందించి, అద్దంలోంచి చూసి తిరిగి వెళ్ళే దృశ్యం ఈ నమూనాలోనే ఉంది. బిడ్డ చేతికి కట్టే పట్టీ మీద ఇంకా పేరు పెట్టని ఆ బిడ్డ ‘బేబీ ఆఫ్’ అంటూ తల్లి పేరుతోనే చెలామణి అవుతుంది. పేరు కలిసే ఉంటుంది, మనుషులే రెండు చోట్ల. సఫ్దర్‌జంగ్‌లో పరీక్ష కోసం మార్చినది ప్రధానంగా దీన్నే: ప్రత్యేక విభాగంలో బిడ్డ పక్కనే తల్లికి మంచం వేసి, ఆమె రక్తస్రావాన్నీ రక్తపోటునూ కుట్లనూ చూసే పని శిశువిభాగపు నర్సులకు నేర్పి, ప్రసూతి వైద్యులు రోజూ అక్కడికే వచ్చి చూసేలా రెండు విభాగాల మధ్య ఒప్పందం కుదిర్చారు. ఎంఎన్‌సీయూ, అంటే తల్లీబిడ్డల సంరక్షణ విభాగం అని ఇప్పుడు ప్రభుత్వ పత్రాల్లో కనబడుతున్న నమూనా ఇటువంటిదే.

పాత అలవాటు ఎంత పలచని పొర కింద ఉందో కోవిడ్ బయటపెట్టింది. 2020లో అనేక దేశాల్లో వ్యాధి సోకిన తల్లుల నుంచి, సోకిందేమోనన్న అనుమానమున్న తల్లుల నుంచి కూడా బిడ్డలను వేరు చేశారు. అమెరికా శిశువైద్యుల సంఘం మొదట ఎడంగా ఉంచడమే మేలని సూచించి, కొన్ని నెలల తరువాత ఆ సూచనను మార్చుకుంది. కలిపే ఉంచాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కంగారూ సంరక్షణ అందరికీ అందితే 1,25,000కు పైగా పసిప్రాణాలు దక్కుతాయనీ, తల్లి నుంచి సోకే కోవిడ్ వల్ల పోయే ప్రాణాలు అందులో ఎన్నో వంతు కూడా కావనీ 2021లో లెక్క చూపింది. వియన్నా నాటి భయం, అదే వేషంలో, చేతులు ఎలా కడుక్కోవాలో అందరికీ తెలిసిన కాలంలో కూడా తిరిగి వచ్చింది.

సామీప్యాన్ని తల్లి మీద మోపే మరో బరువుగా మార్చే ప్రమాదం కూడా ఉంది. మత్తులోనో, ఒళ్ళు తెలియని అలసటలోనో ఉన్న తల్లి ఛాతీ మీద బిడ్డను పెట్టి ఎవరూ గమనించకుండా వదిలేస్తే, ముక్కు నొక్కుకుపోయి ఊపిరి ఆగే ప్రమాదం అరుదుగానైనా ఉంది. మొదటి రెండు గంటలు ఒక మనిషి పక్కన ఉండి బిడ్డ మెడ వంపునూ ఒంటి రంగునూ చూస్తూ ఉండాలి. నర్సుల సంఖ్య పెంచకుండా బిడ్డలను తల్లుల పక్కన వేసి, పని తగ్గిందనుకునే నిర్వాహకుడు నర్సరీ నిర్వాహకుడికంటే మెరుగైనవాడేమీ కాదు. రోజుకు పదిహేడు గంటలు ఒక్క మనిషి వల్ల అయ్యే పని కూడా కాదు. తల్లి స్నానానికి లేచినప్పుడు, అన్నం తినేటప్పుడు, కన్ను మూతపడినప్పుడు తండ్రి ఛాతీ, అమ్మమ్మ ఛాతీ అంతే వెచ్చగా ఉంటాయి. పుట్టింటి పురుడు ఆచారమైన తెలుగునాట అమ్మమ్మ సిద్ధంగానే ఉంటుంది. ఆమెను వార్డు గుమ్మం బయట మెట్ల మీద కూర్చోబెట్టేది సందర్శకుల వేళల బోర్డు. తండ్రికైతే ఆ గుమ్మం దాకా కూడా రానివ్వని చోట్లు ఉన్నాయి.

చివరిగా ఖర్చు సంగతి. బొగోతా పద్ధతి చవకైనదన్న పేరు అర్ధసత్యం. యంత్రాల ఖర్చు తగ్గుతుంది, కాని మంచాలు, మరుగుదొడ్లు, స్నానాల గదులు, మూడు పూటల భోజనం, వెనక్కి వాలే కుర్చీలు, ముందువైపు తెరుచుకునే రవికెలు, కూలి పోగొట్టుకున్న రోజులు ఖర్చుపద్దులోకి వస్తాయి. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు అయిన తల్లికి ఉచిత భోజనం హామీ ఇచ్చింది. మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు అన్నది ఆ హామీ పరిమితి. కిలో రెండు వందల గ్రాములతో పుట్టిన బిడ్డ ఇంటికి వెళ్ళగలిగే బరువుకు రావడానికి వారాలు పడుతుంది. తల్లి గాయం మానడానికి పట్టే రోజులను బట్టి రాసిన ఆ నిబంధన ప్రకారం నాలుగో రోజున, లేదా ఎనిమిదో రోజున, ఆమె ఇక రోగి కాదు, ఆమెకు మంచం లేదు, భోజనపు చీటీ లేదు; ఆమె బిడ్డ మాత్రం లోపల ఇంకా రోగిగానే ఉంటుంది.